నూనె తగ్గిస్తే బీన్స్ కూర గడ్డిలా ఉంటోంది, ఏం చేయను?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు పేరు వేయొద్దంటూ రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఇంట్లో నలుగురు: ఆవిడ, భర్త, తొమ్మిదేళ్ల పాప, డెబ్బై దాటిన అత్తగారు. భార్యాభర్తలిద్దరివీ ఉద్యోగాలే. పొద్దున ఏడున్నరకల్లా మూడు బాక్సులు కట్టాలి. రెండు నెలల కింద భర్తకు రక్తపరీక్షలో కొవ్వు ఎక్కువగా ఉందని తేలింది. నూనె తగ్గించమని డాక్టరు చెప్పారు. అప్పటి నుంచి వారానికి రెండు మూడుసార్లు బీన్స్ వండుతున్నారు.

ఎలా వండుతున్నదీ ఆవిడ వివరంగానే రాశారు. "అరకిలో బీన్స్ తరిగి, కుక్కర్లో అర గ్లాసు నీళ్లు పోసి రెండు విజిళ్లు రానిస్తాను. ఆవిరంతా పోయాక మూత తీసి, నీళ్లు వంపేసి, మూకుట్లో వేసి వేయిస్తాను. ఇదివరకు నాలుగు పెద్ద చెంచాల నూనె పోసేదాన్ని, ఇప్పుడు ఒక్కటే పోస్తున్నాను. అడుగంటుతోంది. రంగు పోయి ముద్దవుతోంది, అయినా పీచు నోటికి తగులుతూనే ఉంది. పక్కింటావిడ చెప్పారని ఒకసారి వంటసోడా వేశాను. పచ్చగా వచ్చింది కానీ జావలా అయిపోయింది, సబ్బు వాసన కూడా."

భర్త ఒక ముద్ద తిని పక్కన పెట్టి, ఆవకాయతోనో కందిపొడి నెయ్యితోనో అన్నం ముగిస్తున్నారట. అత్తగారివి కట్టుడు పళ్లు. మెత్తగా ఉంటే తప్ప నమలలేరు, పైగా "నూనె లేని కూరేం కూరమ్మా" అంటున్నారు. పాప బాక్సు తెచ్చింది తెచ్చినట్టే వెనక్కి వస్తోంది, ఫ్రైడ్ రైస్‌లో బీన్స్ మాత్రం ఏరుకుని మరీ తింటుంది. "ఈ మధ్య రెండు కూరలు వండుతున్నాను. మూకుడు కడుగుతుంటే ఏడుపొస్తోంది. నూనె లేకపోతే బీన్స్‌కి రుచి రాదా? ఒక్క కూరతో ఇంటిల్లిపాదికీ సరిపెట్టే దారి లేదా?" ఇదీ ప్రశ్న.

అమ్మా, మీరు కొలతలతో సహా రాయడం వల్ల తప్పు ఎక్కడ జరుగుతోందో తేలిగ్గానే తెలుస్తోంది. నూనె తగ్గించినందువల్ల మీ కూర పాడవలేదు. అది కుక్కర్లోనే పాడవుతోంది. ఇన్నాళ్లూ నాలుగు చెంచాల నూనె ఆ సంగతి తెలియనివ్వలేదు, అంతే. ఎక్కువ ఉడికిపోయిన బీన్స్‌ని బోలెడు నూనెలో వేయిస్తే పైన కాస్త ఎర్రగా కాలి, కారం పట్టి, తినేలా తయారవుతుంది. నూనె తగ్గేసరికి ఆ ముసుగు తొలగింది.

బీన్స్ సన్నగా తరిగితే మామూలు ఆవిరి మీదే ఎనిమిది నిమిషాల్లో ఉడికిపోతాయి. కుక్కర్లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. అక్కడ రెండు విజిళ్లంటేనే ఎక్కువ. ఆపైన ఆవిరి దానంతటది పోయేవరకు మరో పది నిమిషాలు అవి లోపల ఉడుకుతూనే ఉంటాయి. రంగు పోయేది కూడా అక్కడే. ఆకుపచ్చదనాన్నిచ్చే పత్రహరితంలో మెగ్నీషియం ఉంటుంది. కాయ ఉడికేకొద్దీ అందులోని ఆమ్లాలు బయటికొచ్చి ఆ మెగ్నీషియాన్ని తోసేస్తాయి, అప్పుడు ఆకుపచ్చ కాస్తా బూడిద కలిసిన గోధుమ పచ్చగా మారుతుంది. ఏడెనిమిది నిమిషాలు దాటాక ఈ మార్పు వేగంగా సాగుతుంది. మీ పక్కింటావిడ చెప్పిన సోడా ఆ ఆమ్లాలను విరిచేస్తుంది కాబట్టి రంగు నిలుస్తుంది. కానీ అదే సోడా కాయ గోడల్ని కూడా కరిగించేస్తుంది, అందుకే జావ. విటమిన్ సి, బి1 కూడా దెబ్బతింటాయి. సోడా మళ్లీ వాడకండి.

ముద్దయినా పీచు తగలడానికి కారణం వేరు. అది కాయలోనే ఉంది. ముదురు బీన్స్‌లో రెండంచుల వెంబడీ ఉండే నారను కుక్కర్ కూడా మెత్తబరచలేదు. చుట్టూ గుజ్జు కరిగిపోయాక నార మరీ ఎక్కువగా తెలుస్తుంది కూడా. కొనేటప్పుడు ఒక కాయ తీసి మధ్యకు విరవండి. టక్కుమని విరగాలి. వంగిందంటే వాడిపోయిందనో ముదిరిందనో అర్థం. గింజలు పైకి ఉబ్బి కనిపిస్తున్నవి వేపుడుకు పనికిరావు. ఇంటికొచ్చాక అలాంటివి నాలుగు తగిలితే ఒలిచి గింజలు సాంబార్లో వేసుకోండి. తొడిమ తుంచేటప్పుడు పూర్తిగా తెంపేయకుండా కిందికి లాగితే నార దారంలా వెంట వస్తుంది, రెండో కొస నుంచి కూడా అలాగే లాగాలి. లేత కాయకు ఏమీ రాదు, వదిలేయండి. తెచ్చినవి కడగకుండా, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే నాలుగైదు రోజులుంటాయి. ఫ్రిజ్‌లో మరీ చల్లగా ఉండేచోట పెడితే ఒంటి మీద తుప్పు మచ్చలు వస్తాయి.

ఇక నూనె. దానికి వంటలో రెండు పనులున్నాయి: తాలింపు వాసనను పట్టి కూరంతటికీ చేర్చడం ఒకటి, కాయను వేయించడం రెండోది. మొదటి పనికి రెండు చిన్న చెంచాలు చాలు. రెండో పనికే గరిటెలు గరిటెలు పడుతుంది. బీన్స్‌ని ఉడికించే పని నీళ్లకో ఆవిరికో అప్పగించి, నూనెను తాలింపుకి మాత్రమే ఉంచుకుంటే మీ చిక్కులో సగం తీరుతుంది. అత్తయ్యగారు నూనె లేని కూరేం కూర అన్నమాటలో నిజముంది. ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి, వెల్లుల్లి వాసనలు నూనెలోనే బాగా దిగుతాయి, నీళ్లలో దిగవు. తాలింపు నూనెను కూడా మానేస్తే కూర నిజంగానే పత్యంలా ఉంటుంది. కాబట్టి పూర్తిగా నూనె లేని వంటల జోలికి వెళ్లొద్దు.

లెక్క కూడా ఒకసారి చూద్దాం. నాలుగు పెద్ద చెంచాలంటే 60 మిల్లీలీటర్లు, దాదాపు 55 గ్రాములు. నలుగురికి పంచితే తలకు 14 గ్రాములు, ఒక్క కూరలోనే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, 2000 కేలరీల భోజనానికి రోజు మొత్తం మీద 27 గ్రాముల నూనె, నెయ్యి చాలని ఉంది. మీ పాత బీన్స్ కూర అందులో సగం తినేసేది. మూడు చిన్న చెంచాలకు దిగితే తలకు మూడున్నర గ్రాములు. అయితే ఆయన కూర వదిలేసి కందిపొడిలో నెయ్యి కలుపుకుంటున్నారు కదా, ఆ ఒక్క చిన్న చెంచా నెయ్యి నాలుగున్నర గ్రాములు. ఆవకాయ మీద తేలే నూనె కూడా నూనే. కూరలో మీరు మిగిల్చింది పళ్లెంలో తిరిగొచ్చేస్తోంది. అందుకే ఆయన కూర ఇష్టపడి తినేలా చేయడం, నూనె తగ్గించడం, ఈ రెండూ ఒకే పని. ఎంత నూనె, ఎంత నెయ్యి అన్న కచ్చితమైన హద్దు మాత్రం ఆయన రిపోర్టు చూసిన డాక్టరే చెప్పాలి.

మీ ఇంటికి అన్నిటికన్నా నప్పేది ఆవిరి మీద ఉడికించడం. ముగ్గురి రుచులూ ఒక పాత్రలోంచే తీయొచ్చు. ఇడ్లీ పాత్ర అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోసి మరగనివ్వండి. చిల్లుల పళ్లెం మీద తరిగిన బీన్స్ రెండంగుళాల మందం దాటకుండా పరిచి, ముప్పావు చెంచా ఉప్పు చల్లి మూత పెట్టండి. నీళ్లు మరిగాకే పళ్లెం పాత్రలో పెట్టాలి, ఆ క్షణం నుంచే నిమిషాలు లెక్కపెట్టాలి. చల్లటి నీళ్లతో మొదలుపెడితే లెక్క తప్పుతుంది. అర సెంటీమీటరు ముక్కలు ఎనిమిది నిమిషాలకు ఉడికి కూడా బిగువుగా ఉంటాయి, పదకొండుకు మెత్తబడతాయి, పదిహేనుకు వేళ్ల మధ్య నలిగిపోతాయి. అంగుళం ముక్కలకు మరో రెండు నిమిషాలు కలుపుకోండి. ఉడికిందీ లేనిదీ పంటి కింద తెలుస్తుంది: కొరికితే కీచుమంటే ఇంకా పచ్చి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కరకరలాడాలని రెండు మూడు నిమిషాలకే దించేయకండి. బీన్స్, రాజ్మా ఒకే మొక్క కాపు. కాయ లేతగా ఉండగా కోస్తే బీన్స్, ముదిరి ఎండాక గింజ ఒలిస్తే రాజ్మా. రాజ్మా సరిగ్గా ఉడక్కపోతే వాంతులు, కడుపునొప్పి తెచ్చే లెక్టిన్ అనే పదార్థం, గింజలోకన్నా తక్కువే అయినా, పచ్చి కాయలోనూ ఉంటుంది. బాగా ఉడికితే పోతుంది. బిగువు ఉండొచ్చు, పచ్చిదనం ఉండకూడదు. పాపకు పెట్టేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

తాలింపు విషయంలో చాలామంది దెబ్బతినేది గిన్నె దగ్గర. వెడల్పాటి మూకుట్లో రెండు చిన్న చెంచాల నూనె పోస్తే అది పల్చగా పరుచుకుపోయి, పప్పులు సగం మాడి సగం పచ్చిగా ఉంటాయి. "తక్కువ నూనెతో తాలింపు కుదరదు" అనుకోవడానికి ఇదే కారణం. చిన్న పోపు గరిటెలో పెట్టండి, అదే నూనెలో పప్పులు మునుగుతాయి. శనగపప్పు, మినప్పప్పు ఒక్కో చెంచా ముందు వేసి, రంగు తిరుగుతుండగా అర చెంచా ఆవాలు, రెండు ఎండుమిర్చి ముక్కలు, ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, చిటికెడు ఇంగువ, చివరికి కరివేపాకు. అంతా నాలుగు నిమిషాలు. అప్పుడు ఉడికిన బీన్స్‌ని మూకుట్లోకి తీసి, వాటి మీద పోసి, రెండు నిమిషాలు సన్నని సెగ మీద కలిపితే సరి.

ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. ఆవిరికి ఉడికిన కాయలోకి ఉప్పూ కారం లోపలిదాకా దిగవు. అందుకే పైనుంచి ఏదో ఒక పొడి పడాలి. పచ్చికొబ్బరి కోరు మూడు పెద్ద చెంచాలు వేస్తే తియ్యదనం వస్తుంది, అయితే కొబ్బరిలో ఉండేదీ కొవ్వే, చిప్పంతా కోరి వేస్తే నూనె తగ్గించి లాభం లేదు. పైగా ఎండాకాలంలో బాక్సులో మధ్యాహ్నానికి కొబ్బరి వాసన తిరుగుతుంది. మీ ఇంటికి నా సలహా పుట్నాల పొడి. మూడు పెద్ద చెంచాల పుట్నాలు, నాలుగు ఎండుమిర్చి, మూడు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్ర, కాస్త ఉప్పు కలిపి బరకగా తిప్పండి. నూనె చుక్క అక్కర్లేదు, బీన్స్‌లో మిగిలిన తడిని పీల్చుకుని ముక్కముక్కకీ అంటుకుంటుంది. స్టవ్ ఆపేశాకే చల్లాలి. బీన్స్ మరీ నీరుగా ఉండగా చల్లితే పిండిముద్ద అవుతుంది, కాబట్టి ముందు నీరు ఇగరనివ్వండి. వేయించిన నువ్వుల పొడి ఇంకా రుచిగా ఉంటుంది, కానీ నువ్వుల్లో దాదాపు సగం నూనే కాబట్టి అరకిలోకి ఒకటిన్నర పెద్ద చెంచా దగ్గర ఆగండి.

ఆవిరి పాత్ర దించి ఎక్కించే ఓపిక లేని రోజులుంటాయి. ఒక్క మూకుడుతో కావాలంటే మగ్గబెట్టండి. ఒక పెద్ద చెంచా నూనెతో తాలింపు పెట్టి, సన్నగా తరిగిన బీన్స్, ఉప్పు, పసుపు వేసి, పావు కప్పు నీళ్లు చిలకరించి మూత పెట్టాలి. మూతకు బదులు గుంటగా ఉన్న పళ్లెం బోర్లించకుండా పెట్టి అందులో నీళ్లు పోయండి. లోపలి ఆవిరి ఆ చల్లటి పళ్లేనికి తగిలి చుక్కలుగా మళ్లీ కూరలోనే పడుతుంది, అడుగంటదు. మన ఇళ్లలో పాతకాలం నుంచీ ఉన్న ఉపాయమే ఇది, నాన్‌స్టిక్ వచ్చాక మరుగున పడింది. మధ్యలో రెండుసార్లు కలుపుతూ పన్నెండు నిమిషాలు, తర్వాత మూత తీసి మూడు నిమిషాలు. రుచిలో అన్నిటికన్నా ఇదే మిన్న, ఎందుకంటే కాయ రసం బయటికి పోదు, తాలింపు మొదటి నుంచీ పడుతుంది. రంగు మాత్రం కొంచెం మందగిస్తుంది, అందరికీ ఒకే మెత్తదనం వస్తుంది. పాపకు నచ్చకపోవచ్చు.

నీళ్లలో ఉడికించడం ఇంకా తొందరగా అవుతుంది. లీటరున్నర నీళ్లు తెర్లుతుండగా రెండు చెంచాల ఉప్పు, బీన్స్ వేసి, మూత పెట్టకుండా ఆరేడు నిమిషాలు. మూత తీసి ఉంచితే ఆమ్లాలు కొంత ఆవిరితో పోయి రంగు బాగుంటుంది. కానీ విటమిన్లు కొంత నీళ్లలోకి దిగిపోతాయి. ఆ నీళ్లు పారబోయకుండా చారులోకి, పప్పుచారులోకి వాడండి, అక్కడ ఉప్పు తగ్గించడం మరవొద్దు. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లైతే, బకెట్లకి తెల్ల పొర కడుతుంటే, ఉడికించడానికి ఆ నీళ్లు వాడకండి. అందులోని కాల్షియం కాయ తొక్కను బిగదీస్తుంది, ఎంత ఉడికినా గట్టిగా అనిపిస్తుంది. తాగే నీళ్లు పోయండి. ఆవిరి పద్ధతికి ఈ బెడద లేదు.

మైక్రోవేవ్ ఉంటే పావుకిలోకి మూడు పెద్ద చెంచాల నీళ్లు, గాజు గిన్నె, పైన పళ్లెం, నాలుగు నిమిషాలు, ఒకసారి కలిపి మరో మూడు, రెండు నిమిషాలు అలా వదిలేయడం. అరకిలో ఒకేసారి పెడితే అంచులు ఉడికి మధ్యలో పచ్చిగా ఉంటుంది. కుక్కరే కావాలంటే పావు కప్పు నీళ్లు, పెద్ద మంట, ఒక్క విజిల్, వెంటనే స్టవ్ ఆపి, మొహం దూరంగా పెట్టి విజిల్‌ని గరిటెతో కొద్దికొద్దిగా ఎత్తి ఆవిరి వదిలేయాలి. ఆ ఆవిరి చేతిని కాలుస్తుంది, ఏడున్నర హడావుడిలో చేసే పని కాదని నా అభిప్రాయం.

ఇంట్లో ముగ్గురి సంగతి చూద్దాం.

మీ ఆయనకు వేపుడు కావాలి. ఆవిరి మీద ఎనిమిది నిమిషాలయ్యాక ఆయన వాటా ముందు తీసేసి, శుభ్రమైన గుడ్డ మీద ఐదు నిమిషాలు ఆరబెట్టండి. ఇనుప మూకుడు బాగా కాగాక, అంటే నీటి చుక్క వేస్తే గిరగిర తిరిగేటంత కాగాక, ఒక చిన్న చెంచా నూనె తిప్పి, బీన్స్ ఒక్క వరసగా పరిచి నిమిషం పాటు కదపకుండా వదిలేయండి. ఆ నిమిషంలోనే మచ్చలు మచ్చలుగా కాలి వేపుడు వాసన వస్తుంది. తర్వాత కలుపుతూ మూడు నిమిషాలు. తడి బీన్స్ వేస్తే మూకుడు చల్లబడిపోతుంది, ఆ నీళ్లన్నీ ఇగిరేదాకా వేగడం మొదలవదు, ఈలోగా మళ్లీ మెత్తబడతాయి. అరకిలో ఒకేసారి కుమ్మరించినా ఇదే జరుగుతుంది. కారం మాత్రం స్టవ్ ఆపాకే వేయండి. తక్కువ నూనెలో కారం పది సెకన్లలో మాడి చేదెక్కుతుంది. వెల్లుల్లి కారం అయితే ఐదు రెబ్బలు, చెంచా కారం, అర చెంచా జీలకర్ర, ఉప్పు కలిపి దంచి ఉంచుకుంటే వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంటుంది, తలకు అర చెంచా సరిపోతుంది. ఆవకాయ ఘాటుకు అలవాటుపడ్డ నాలుకకు ఇది కొంత తృప్తినిస్తుంది.

అత్తయ్యగారి వాటాను ఆవిరి పాత్రలోనే వదిలేయండి. మీ ఆయన వాటా తీసేశాక మరో ఏడు నిమిషాలు ఉంటే చాలు, పదిహేనుకు చేరుతుంది. ఆ లోపు మీరు తాలింపు పెట్టుకోవచ్చు, కాబట్టి అదనపు పని ఏమీ లేదు. కట్టుడు పళ్లకు మెత్తదనంతో పాటు ముక్క చిన్నదవడం కూడా ముఖ్యం, ఆవిడవి మరీ సన్నగా తరగండి. పప్పు, కొబ్బరి పలుకులు పళ్ల కింద చేరి ఇబ్బంది పెడతాయి కాబట్టి తాలింపులో శనగపప్పు ఆవిడకు తప్పించండి.

ఆవిడకు ఇంకా బాగా నచ్చగలది బీన్స్ పెసరపప్పు. పావు కప్పు పెసరపప్పు అరగంట నానబెట్టి, రెండు కప్పుల సన్నటి బీన్స్‌తో కలిపి, మునిగీ మునగనన్ని నీళ్లు, పసుపు వేసి సన్నని మంట మీద పావుగంట ఉడికిస్తే పప్పు కాయకు పట్టుకుని, నూనె లేకపోయినా నూనె ఉన్నంత కమ్మగా ఉంటుంది. చెంచా నూనెతో తాలింపు, చివర్లో నిమ్మరసం. నిమ్మరసమైనా టమాటా అయినా చింతపండైనా బీన్స్ ఉడికాకే వేయాలి. పులుపు ముందే పడితే కాయ మెత్తబడదు, రంగూ పోతుంది. ఈ కూర మెతుకు తగ్గి పప్పు పెరగడానికి కూడా దారి కాబట్టి మీ ఆయనకూ మంచిదే. బాక్సుల్లో మాత్రం జారుతుంది, రాత్రి భోజనానికి పెట్టుకోండి.

ఆవిడ మాట గురించి ఇంకొక సంగతి. నూనె తగ్గించమన్నది మీ ఆయనకు, చెప్పింది డాక్టరు. కానీ ఇంట్లో ఆ నిర్ణయం మీదే అన్నట్టు కనిపిస్తోంది, మాట పడుతున్నదీ మీరే. రిపోర్టులో ఏముందో తల్లికి కూర్చోబెట్టి చెప్పాల్సింది ఆయన. మీరు చెబితే కోడలు కట్టడి చేస్తోందన్నట్టు వినిపించే అవకాశం ఉంది, ఏమీ చెప్పకుండా మార్చేస్తే పొదుపు చేస్తోందనుకోవచ్చు. కొడుకు నోట వింటే అది కొడుకు ఆరోగ్యం. ఆవిడకు నూనె విషయంలో డాక్టరు పెట్టిన హద్దేమీ లేకపోతే, ఆవిడ గిన్నెలో ఒక చిన్న చెంచా నెయ్యి విడిగా వేయడంలో తప్పు లేదు. దానివల్ల వచ్చే చిక్కు ఒకటే, పక్కన కూర్చున్న ఆయనకూ మనసు లాగుతుంది. ఆవిడకు ముందుగా వడ్డించేస్తే అదీ ఉండదు.

పాప ఫ్రైడ్ రైస్‌లో తింటోందంటే బీన్స్ అంటే అయిష్టం లేదు, మెత్తటి బీన్స్ అంటేనే అయిష్టం. ఆ అమ్మాయికి అంగుళం ముక్కలుగా ఏటవాలుగా కోసి, పది నిమిషాలకు తీసి, తాలింపుకు బదులు అర చెంచా నూనెలో సన్నటి వెల్లుల్లి వేయించి, మిరియాల పొడి చల్లండి. ఏ కూర అయినా బాక్సులో పెట్టేముందు వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పది నిమిషాలు ఆరనివ్వండి. పొగలు కక్కుతుండగా మూత బిగిస్తే బాక్సులోనే మళ్లీ ఉడుకుతాయి. పొద్దున పచ్చగా వెళ్లిన బీన్స్ మధ్యాహ్నం మూత తీసేసరికి ఖాకీ రంగులోకి మారి, ఆవిరి చెమటతో తడిసి, గడ్డి వాసన వస్తుంది. పాప బాక్సు వెనక్కి రావడానికి సగం కారణం ఇదే అయ్యుండాలి. నిమ్మరసం బాక్సు కూరలో వద్దు.

పొద్దున సమయం గురించి. రాత్రే కడిగి, తడి ఆరాక తరిగి, డబ్బాలో పొడిగుడ్డ వేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే విటమిన్ సి కొద్దిగా తగ్గుతుంది, పావుగంట మిగులుతుంది. ఆ బేరం మీకు లాభమే. ఇంకా తొందర కావాలంటే రాత్రే ఎనిమిది నిమిషాలు ఆవిరి పట్టి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచి తీసి, గుడ్డ మీద బాగా ఆరబెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు రోజుల్లో వాడేయాలి. పొద్దున తాలింపు, ఐదు నిమిషాలు వేడి చేయడం, అయిపోయింది. రుచి అప్పటికప్పుడు చేసినంత ఉండదు, మీ ఆయన వేపుడుకు మాత్రం ఇదే బాగా నప్పుతుంది, ఎందుకంటే రాత్రంతా ఫ్రిజ్‌లో కాయ పైన తడి ఆరిపోతుంది.

రెండు కూరలు వండటం మానేయమని గట్టిగా చెప్పను. పూర్తిగా మానేస్తే మొదటి వారం సణుగుడు తప్పదు. అలాగే సాగనిస్తే మీ ఓపిక కరిగిపోతుంది. పైన చెప్పినట్టు ఒకే పాత్రలోంచి మూడు సమయాల్లో తీయడం ఈ రెంటికీ మధ్య దారి. అదీ కష్టమనిపిస్తే బాక్సు రోజుల్లో వేపుడు, ఇంట్లో ఉండే రోజుల్లో పెసరపప్పు అని పంచేయండి. ఇంకో మాట, వారానికి మూడుసార్లు బీన్స్ ఎవరికైనా మొహం మొత్తుతుంది. వారానికి ఒక్కసారి వండండి. ఇదే ఆవిరి, ఇదే చిన్న తాలింపు, ఇదే పుట్నాల పొడి గోరుచిక్కుడుకీ క్యాబేజీకీ క్యారెట్‌కీ సరిపోతాయి. గోరుచిక్కుడుకు రెట్టింపు సమయం పడుతుంది, క్యాబేజీకి ఐదారు నిమిషాలే.

వచ్చే ఆదివారం తీరిగ్గా పావుకిలో బీన్స్‌తో ఒకసారి చేసి చూడండి. ఎనిమిది, పదకొండు, పదిహేను నిమిషాలకు మూడు చిన్న గిన్నెల్లోకి తీసి, మూడింట్లోనూ ఒకే ఉప్పు, ఒకే తాలింపు వేసి, ఏది ఎన్ని నిమిషాలదో చెప్పకుండా ముగ్గురి ముందూ పెట్టండి. ఎవరు ఏ గిన్నె ఖాళీ చేశారో ఆ నిమిషాలు స్టవ్ దగ్గర గోడ మీద రాసి అంటించుకోండి.